బోర్డు తీసే చెయ్యి

మా కారాకోల్ ఊళ్ళో కరెంటు పనిలోకి రావాలంటే మూడు నెలల క్లాసులు, ఒక పరీక్ష. ఆ తరవాత ఎవరైనా పెద్ద మేస్త్రి వెనకాల ఆర్నెల్లు తిరిగి, ఆయన చేత పుస్తకంలో సంతకాలు పెట్టించుకోవాలి. క్లాసులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. అప్పటికి నాకు ముప్ఫయ్యారేళ్ళు. అంతకుముందు పదకొండేళ్ళు పసిపిల్లల బడిలో వంట చేశాను. బడి మూసేశారు. గంటల తరబడి నిలబడటం అలవాటు, కత్తి పట్టడం అలవాటు, ఇంకేం కావాలి అనుకుని కరెంటు పనికి వచ్చాను.

నన్ను చేర్చుకున్నది ఎసెన్ బాయ్‌కే, మా వైపు పెద్దవాళ్ళని 'బాయ్‌కే' అంటాం, అన్నా అన్నట్టు. అరవై దాటిన మనిషి, పొట్టివాడు, చెవులు టోపీలోంచి బయటికి పొడుచుకొచ్చేవి. మొదటిరోజు నా చేతికి కత్తీ కేబులూ ఇచ్చి, "గొర్రెని కోసినదానివిగా అమ్మాయ్, దీని తోలు ఒలువు చూద్దాం" అన్నాడు.

ఒలిచాను. లోపలి రాగికి గీత కూడా పడలేదు.

"బాగుంది. ఇప్పుడు ఉప్పెయ్యకు" అన్నాడు.

ఆయన వేళాకోళాలకి లెక్కలేదు. ఒక్క విషయంలో మాత్రం నవ్వేవాడు కాదు. మేం పని చేసేది ఇద్దరిద్దరుగా. ఒకరు తీగల దగ్గరికి వెళ్తే, రెండోవారు స్విచ్ గదిలో కాపలా. వెళ్ళేవాడు ఫ్యూజులు పీకి కాపలా మనిషికిస్తాడు. ఫ్యూజుల పెట్టెకి తెల్ల బోర్డు తగిలిస్తాడు. 'కరెంటు వెయ్యొద్దు, మనుషులు పనిలో ఉన్నారు' అని దాని మీద ఎర్ర అక్షరాలు. ఇది అందరూ చేసేదే. ఎసెన్ బాయ్‌కే దీనికి ఇంకో రెండు మాటలు చేర్చేవాడు.

"బోర్డు తగిలించిన చెయ్యే బోర్డు తియ్యాలి. అది కళ్ళారా చూస్తేనే ఫ్యూజులివ్వు. నా గొంతు నమ్మకు, నా మొహం నమ్మకు, బోర్డు తీసే నా చెయ్యిని నమ్ము. రెండోది, ఎందుకివ్వట్లేదని అడిగితే మాత్రం చెప్పకు. నోరు మూసుకుని నిలబడు."

"మీరే వచ్చి అడిగినా చెప్పొద్దా బాయ్‌కే?"

"నేనే వచ్చి అడిగినా."

ముసలాయన చాదస్తం అనుకున్నాను. బడి వంటింట్లో మా పెద్ద వంటావిడకి కూడా ఇలాంటివి బోలెడు ఉండేవి.

జనవరిలో సరస్సు ఒడ్డున ఉన్న, వేసవి విడిదిలాంటి పాత ఆరోగ్యశాల నించి కబురొచ్చింది. చలికాలం దాన్ని మూసేస్తారు, కాపలావాడు తప్ప ఎవరూ ఉండరు. నీళ్ళ పంపు ఆగిపోయింది, సాయంత్రంలోగా తిరక్కపోతే గొట్టాలన్నీ గడ్డకట్టి పగిలిపోతాయి. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు. ఎండ ఉంది. మంచు మీద ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి.

స్విచ్ గది నేలమాళిగలో ఉంది. అక్కణ్ణించి పంపుగదికి సొరంగం, మూడు వందల అడుగుల పైమాటే. నేల మీద చీలమండ లోతు నీళ్ళు. పంపుగదిలో కేబుల్ అతుకు కాలిపోయింది, దాన్ని కోసి మళ్ళీ కలపాలి. ఎసెన్ బాయ్‌కే మూడు ఫ్యూజులు పీకి నా చేతిలో పెట్టాడు. అరచెయ్యంత పింగాణీ ముక్కలు, రాయిలా బరువు. కోటు జేబులో వేసుకున్నాను. సొరంగంలో దీపాలు కూడా ఆ లైను మీదే, అవీ ఆరిపోయాయి. ఆయన బోర్డు మేకుకి తగిలించి, రబ్బరు బూట్లు తొడుక్కుని, నుదుటికి దీపం కట్టుకుని బయల్దేరాడు.

"ఆకలేస్తే నా సంచిలో బోర్సోక్ ఉన్నాయి. నాకు నాలుగైనా ఉంచు" అన్నాడు. నూనెలో వేయించిన పిండి ముక్కలవి.

నీళ్ళలో ఆయన అడుగుల చప్పుడు చాలాసేపు వినబడింది. తరవాత అదీ లేదు.

చేతిలో టార్చి, వెనకాల పెట్టె, ఎదురుగా సొరంగం నోరు. ఎక్కడో గొట్టంలోంచి నీటిబొట్టు పడుతోంది. తడిసిన సున్నం వాసన, తుప్పు వాసన. ఫోను పని చెయ్యదు. ఈపాటికి ఆయన చేతులు రెండూ ఉత్త రాగి మీద ఉంటాయి. ఆ చేతులకీ చావుకీ మధ్య ఉన్నది నా జేబులోని మూడు ముక్కలే.  పదకొండేళ్ళు వంట చేశాను, ఎవరి ప్రాణమూ ఇలా జేబులో పెట్టుకుని నిలబడలేదు.

అరగంట అయి ఉంటుంది.

"ఆసిల్..."

సొరంగంలోంచి నా పేరు వినబడింది. ఆయన గొంతే.

"అయిపోయింది. పెట్టెయ్."

నేను పలకలేదు. మాట చిన్నగానే ఉంది, కానీ పక్కన నిలబడి చెప్పినట్టు వినబడింది. మూడు వందల అడుగుల దూరం నించి వచ్చే మాట గోడలకి కొట్టుకుని మోగాలి. ఇది మోగలేదు.

"పెట్టెయ్ అమ్మాయ్. చలిగా ఉంది."

జేబులో ఫ్యూజుల్ని పిడికిలితో పట్టుకున్నాను. ఆ చుట్టుపక్కల కాలిన వాసన తగిలింది. జుట్టు కమిలినప్పుడు వచ్చే వాసన. టార్చి ఎత్తాను.

ఎసెన్ బాయ్‌కే సొరంగం నోట్లో నిలబడి ఉన్నాడు.

అదే టోపీ. అవే చెవులు. చెయ్యి చాపాడు. నాకు ఎంత ఊరట కలిగిందంటే, నవ్వొచ్చింది. ఒక ఫ్యూజు జేబులోంచి తీశాను కూడా. సగం దూరం చెయ్యి చాపాక తట్టింది... నీళ్ళలో అడుగుల చప్పుడేది? టార్చి కిందికి దించాను. బూట్లు పొడిగా ఉన్నాయి.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఏం?" అన్నాడు.

నోరు మూసుకుని నిలబడాలి. తెలుసు. కానీ అది నా గురువు మొహం. నా వైపే చూస్తోంది. ఆ కళ్ళు రెప్ప వెయ్యలేదు.

"ఎందుకివ్వవు?"

పెట్టెకి వీపు ఆనించాను. బోర్డు నా భుజానికి తగిలి ఊగింది.

"ఎందుకివ్వవు, ఆసిల్?"

"బోర్డు..." అన్నాను.  "బోర్డు మీరే తియ్యండి బాయ్‌కే."

అది బోర్డు వైపు తల తిప్పింది. మెల్లిగా. అంతవరకూ దాన్ని చూడనట్టే, పైనించి కిందికి, తాడు నించి అక్షరాల దాకా చూసింది. కొత్తగా బళ్ళో చేరినవాళ్ళు చూసినట్టు చూసింది.

"నేనే తియ్యాలా?"

"మీరే కదా తగిలించారు."

"అలాగా..." అంది.

అప్పుడే దూరంగా సొరంగంలో నీళ్ళ చప్పుడు. దగ్గు. పొగ తాగే మనిషి దగ్గు, నాకు బాగా తెలిసిన దగ్గు. టార్చి అటు తిప్పాను, మళ్ళీ ఇటు తిప్పాను. ఎదురుగా ఎవరూ లేరు. కమిలిన వాసన మాత్రం ఉంది.

ఎసెన్ బాయ్‌కే బూట్లమీంచి నీళ్ళు కారుతుండగా వచ్చాడు.  నా పక్కనించి చెయ్యి పోనిచ్చి బోర్డు తీసి చంకలో పెట్టుకున్నాడు, అప్పుడు చెయ్యి చాపాడు. నా పిడికిలి తెరుచుకోలేదు. ఆయనే వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి ఫ్యూజులు తీసుకోవాల్సొచ్చింది. దీపాలు వెలిగాయి, దూరంగా పంపు మూలిగి తిరగడం మొదలెట్టింది.

కాపలావాడి గదిలో పాలు పోసిన టీ ఇచ్చారు. కాపలావాడు గొట్టాలు చూసుకోడానికి వెళ్ళాక జరిగింది చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"దాన్ని రానీ. వస్తుంది. నువ్వేమన్నావు?"

"ఇవ్వలేదు బాయ్‌కే."

"ఇవ్వలేదని నాకు తెలుసు, ఇక్కడ కూర్చుని టీ తాగుతున్నాగా. నువ్వేమన్నావు?"

"బోర్డు మీరే తియ్యండి అన్నాను."

ఆయన టీ గిన్నె కింద పెట్టాడు. 

"మా గురువు రోజుల్లో గొంతు వింటే చాలనేవారు" అన్నాడు. "ఒకడు గొంతు విని కరెంటు వేశాడు, అవతలివాడు పోయాడు. అప్పణ్ణించి మొహం చూడాలన్నారు. ఎవడో ఆ మాట దాని ముందు నోరు జారి ఉంటాడు, మొహంతో రావడం నేర్చుకుంది. పదిహేడేళ్ళ కిందట నేను నీలాగే నిలబడ్డాను. తీగల దగ్గరికెళ్ళిన నా జతగాడు కాల్మాత్ వచ్చాడు, నా ఎదురుగా నిలబడ్డాడు. అగ్గిపెట్టె కూడా అడిగాడు. మొహం చూశాను, ఫ్యూజులు పెట్టాను." టోపీ సర్దుకున్నాడు. "కాల్మాత్ అప్పటికింకా అవతల తీగల దగ్గరే ఉన్నాడు."

"ఇక్కడేనా?"

"ఇక్కడెందుకవుతుంది? అది ఊరూ కాదు, చోటూ కాదు. మన పని ఎక్కడుంటే అక్కడ." గిన్నె మళ్ళీ ఎత్తి, తాగకుండానే దించాడు. "బోర్డు సంగతి నేను కనిపెట్టుకున్నాను. పదిహేడేళ్ళు కాపాడింది. ఎవరికీ కారణం చెప్పలేదు."

సిగ్గుతో తలెత్తుకోలేకపోయాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండును. నా పుస్తకం తీసి ఆ రోజు పనికి సంతకం పెట్టాడు. పెడుతూ నా వైపు చూడలేదు. ఆ వసంతంలో పని మానేసి కొడుకు దగ్గర యాపిల్ తోట చూసుకోడానికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఒకటే అడిగాను, బోర్డు బదులు ఇప్పుడేం చెయ్యాలని. "తట్టితే చెప్తాను" అన్నాడు. మూడేళ్ళ తరవాత నిద్రలో పోయాడు. ఆయనకేమీ తట్టలేదు.

ఇది జరిగి ఆరేళ్ళు. ఇప్పుడు నేనే మేస్త్రిని. నా వెనకాల మెదెర్ అని ఒకడు నేర్చుకుంటున్నాడు, ఇదివరకు వ్యాన్ తోలేవాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను ఎజె అంటాడు, అంటే అక్క, నా వంట గురించి ఎగతాళి చేస్తాడు, మంచివాడు. ఇంకో ఉపాయం లేక వాడికీ అదే నేర్పాను. బోర్డు తీసే నా చెయ్యి చూడు, కారణం చెప్పకు.

పోయిన నెల నారిన్ ఊళ్ళో ఒక పెద్ద బడిలో పని. ఉదయం పదకొండు గంటలు. పైన పిల్లలు ఎక్కాలు చదువుతున్న చప్పుడు వినిపిస్తోంది. కింద బాయిలర్ గదికి వెళ్ళే కేబుల్ మార్చాలి. బోర్డు తగిలించాను, ఫ్యూజులు మెదెర్ చేతికిచ్చాను, నడవా చివరిదాకా వెళ్ళాను. పాత తీగ విప్పేశాను. కొత్తదాని తోలు ఒలవబోతే కత్తి లేదు. స్విచ్ గదిలో సంచి మీద పెట్టి మర్చిపోయాను. పదకొండేళ్ళు వంట చేసినదాన్ని, కత్తి మర్చిపోవడం అదే మొదటిసారి. తిట్టుకుంటూ వెనక్కి నడిచాను.

మెదెర్ పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. మేకు ఖాళీగా ఉంది. రెండు ఫ్యూజులు అప్పటికే పెట్టెలో ఉన్నాయి. మూడోది వాడి చేతిలో ఉంది.

"మెదెర్... ఆగు."

వాడు వెనక్కి తిరిగాడు. నన్ను చూసి వాడి మొహంలో రంగు పోయింది.

"బోర్డేది?"

చంకలోంచి తీసి చూపించాడు. "మీరేగా ఎజె, ఇందాక వచ్చి తీసి నాకిచ్చారు. కళ్ళారా చూశాకే పెడుతున్నాను."

బోర్డు అందుకున్నాను. తాడు దగ్గర కమిలిన వాసన. పైన పిల్లలు ఎక్కాలు చదువుతూనే ఉన్నారు.

"నేనేమైనా అన్నానా?" అని అడిగాను.

మెదెర్ గుర్తు తెచ్చుకున్నాడు.

"నవ్వారు ఎజె. 'ఈసారి నేనే తీశానుగా' అన్నారు."