రోమక వెండిపై ఉలిగాటు

కృష్ణవేణి కడలిలో కలిసేచోట తలెత్తి నిలిచిన శంఖదుర్గాన్ని శత్రుసేనలు చుట్టుముట్టి, చేలు తగలబెట్టి, వాకిలి ఒక్కటి తెరుచుకుంటే చాలునని కాచుకొని కూర్చున్నాయి. కోటలోని బలగం సగానికి పైగా నేలకొరిగింది. మహాసేనాపతి స్కందనాగుడికి మిగిలిన ఒకే ఒక ధైర్యం పడమటి వాకిలి. దానిని కాసేవారు కడలి దాటి కొలువుకు వచ్చిన రోమకులు. తమ చక్రవర్తి ముఖం అచ్చొత్తిన వెండినాణేన్ని వాకిలి గూటిలో నిలిపి, దానిమీద చేయివేసి, ప్రాణం పోయినా కదలమని ఒట్టు పెట్టుకొన్నవారు.

ఆ వాకిలిని శత్రువుకు అప్పగిస్తానని లోపాయికారీగా మాట ఇచ్చిన మహామంత్రి భద్రఘోషుడికి ఆ ఒట్టే కంటిలో నలుసైంది. నిండుకొలువులో లేచాడు.

"మహాప్రభూ! పరదేశపు వెండి మన నేలకు వస్తే, దానిమీది రాజు ముఖాన ఉలిగాటు వేయడం తమ తాతగారి నాటి కట్టడి. ఆ రాజు ఆజ్ఞ ఇక్కడ చెల్లదని దాని అర్థం. సేనాపతి వాకిట మాత్రం ఆ ముఖం గాటు లేకుండా మొక్కులందుకొంటోంది. ఈ కోటకు ప్రభువెవరో సేనాపతిగారే సెలవియ్యాలి!"

విష్ణుదమన మహారాజు అనుమానంగా చూశాడు. తనకోసం నెత్తురోడ్చినవాణ్ణి అలా చూడడానికి ఆ రాజుకు మనసెలా ఒప్పిందో!

"ప్రభూ, ఆ ముఖాన్ని గాయపరిస్తే రోమకుల ఒట్టు తెగుతుంది. వాకిలి పోతుంది," అన్నాడు స్కందనాగుడు.

"మా కట్టడి కంటే వారి ఒట్టు గొప్పదా?" అని గద్దించాడు రాజు.

ద్రోహి అనిపించుకోవడం కంటే చావే మేలనుకొనే మనిషి స్కందనాగుడు. ఆ పౌరుషమే కొంప ముంచింది. ఉలి తెప్పించి, రోమకులందరూ చూస్తుండగా, తలకు ఆకులదండ చుట్టుకొన్న ఆ వెండిముఖాన్ని కంటినుండి గడ్డందాకా తన చేతులతోనే చీల్చాడు.

రోమకుల నాయకుడు లూకియుడు కోపగించుకోలేదు.

"సేనాపతీ, నీ ఉప్పు తిన్నాం, నిన్ను తిట్టలేను. కాని మమ్మల్ని ఇక్కడ కట్టిపడేసిన ముడిని నీవే తెంచావు," అని తనవారితో రేవువైపు నడిచాడు.

పొద్దు వాలకముందే మంత్రి మనుషులు గడియ తీశారు. శత్రువులు వరదలా వాకిలివైపు దూసుకొచ్చారు. అప్పుడు తెలిసింది రాజుకు, అసలు ద్రోహి ఎవరో. చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లు, తలపాగా జారిపోతున్నా చూసుకోక పరుగున వచ్చాడు.

"స్కందనాగా, మోసపోయాను! నీవంటి విశ్వాసపాత్రుడు లేడని ఊరంతా చాటిస్తాను!"

"చాటించడానికి ఊరేదీ, ప్రభూ?" అన్నాడు స్కందనాగుడు.

రాజును వెనక్కి నెట్టి, కత్తి దూసి, బార్లా తెరిచిన వాకిట ఒక్కడే అడ్డంగా నిలిచాడు.