చార్టులో పట్టిన మాట

మధ్యాహ్నం గంట కొట్టేలోపు చార్టు పూర్తి కావాలి. ఏడో తరగతి స్పందన బెంచీ మీద వంగి, ఎర్ర స్కెచ్‌పెన్నుతో అక్షరాలు దిద్దుతోంది.

ఆమె పక్కన కూర్చునే శ్రావణ్ వాళ్ళమ్మ జ్వరంతో చనిపోయింది. దినాలు అయిపోయాయి. అన్నం బెల్లు తర్వాత శ్రావణ్ మళ్ళీ బడికి వస్తున్నాడు.

అతని కోసం ఇంగ్లిష్‌లో రాయాలని వెతికితే, డిక్షనరీలో స్పందనకు రెండు మాటలు దొరికాయి. సింపథీ, పిటీ. రెండింటికీ ఎదురుగా 'జాలి' అనే ఉంది. సింపథీ పొడుగు. పిటీ అయితే పెద్ద పెద్ద అక్షరాలతో రాయొచ్చు.

'వీ పిటీ యూ, శ్రావణ్' అని రాసి, బోర్డు పక్కన అతికించింది.

శ్రావణ్ వచ్చాడు. గుండు కనిపించకుండా టోపీ పెట్టుకున్నాడు. చార్టు చదివాడు. మొహం ముడుచుకుపోయింది.

"నేనేమన్న అడుక్కున్ననా మిమ్ముల?" అని, బ్యాగు తీసుకుని చివరి బెంచీకి పోయాడు.

"అరేయ్, మంచిగనే రాసింది కదరా!" అన్నాడు ముందు బెంచీలో కూర్చునే ఆకాశ్.

"నేను మంథనికి పోత. మా మామోళ్ళ ఇంటికాడ ఉండి చదువుకుంట. ఆడ నన్ను చూసి ఎవ్వలు పాపం పాపం అనరు."

స్పందనకు ఏడుపొచ్చింది. ఇంగ్లిష్ చెప్పే రోజారాణి టీచర్ దగ్గరికి వెళ్ళింది.

"రెండూ ఒక్కటే కద టీచర్? డిక్షనరీల అట్లనే ఉంది."

టీచర్ జరిగిందంతా అడిగి తెలుసుకుంది. "దగ్గరి మాటలే. కానీ పిటీ అనేది దూరంగ నిలబడి కూడ అనొచ్చు. శ్రావణ్ నీకు దూరపోడా?"



సాయంత్రం స్పందన వాళ్ళమ్మ తారాబాయి టిఫిన్ క్యారేజీ సర్దింది. నస్పూర్‌లో వాళ్ళుండే గని కార్మికుల క్వార్టర్ల వరుసలో ఎవరింట్లోనైనా మనిషి పోతే, పక్కింటివాళ్ళు కొన్నాళ్ళు బువ్వ తీసుకెళ్తారు. ఇచ్చేసి రారు. అక్కడే కూర్చుని వాళ్ళతోపాటు తింటారు.

తల్లీకూతుళ్ళు శ్రావణ్ ఇంటికి వెళ్ళేసరికి, అతని బాపు పరశురాములు గని డ్యూటీ దిగి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"నాకు ఆకలైతలేదక్కా."

"నాకైతుంది తమ్మీ. నువ్వు కూసోకపోతె నేనెట్ల తింట?"

పరశురాములు లేచి చేయి కడుక్కున్నాడు. శ్రావణ్ కూడా పళ్ళెం తెచ్చుకున్నాడు. తారాబాయి ఒక్కసారి కూడా పాపం అనలేదు. బెండకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని తననే తిట్టుకుంది.

మర్నాడు స్పందన అందరికంటే ముందే బడికి వెళ్ళి చార్టు తీసేసింది. మళ్ళీ డిక్షనరీ తెరిచింది. సింపథీ దగ్గర వేలు ఆగింది. మంచి మాటే. కానీ పెద్దవాళ్ళు కార్డుల మీద రాసే మాటలా ఉంది.

శ్రావణ్ రాని రోజుల్లో తనకు ఏమనిపించింది? జాలి ఒక్కటే కాదు. పక్కన చోటు ఖాళీగా ఉండేది. ఏదైనా చెబుదామని అటు తిరిగితే ఎవరూ ఉండేవారు కాదు.

చిన్న కాగితం మీద 'వీ మిస్డ్ యూ' అని రాసింది. గోడకు అతికించలేదు. శ్రావణ్ వచ్చాక చివరి బెంచీకి వెళ్ళి, అతని ముందు పెట్టి, పక్కన కూర్చుంది.

శ్రావణ్ చదివాడు. "గంత లేదు తియ్."

"ఉంది. నువ్వు లేక కబడ్డీల ఆరో తరగతోళ్ళ మీద ఓడిపోయినం."

"ఆరో తరగతోళ్ళ మీదనా!"

"సైన్సు పటంల కప్ప బొమ్మ ఆకాశ్ గీసిండు. కోడి లెక్కుంది."

"ఏయ్, కోడి కాదది!" ముందు బెంచీ నుంచి అరిచాడు ఆకాశ్.

శ్రావణ్‌కు నవ్వు ఆగలేదు. స్పందన మెల్లగా అడిగింది. "మంథనికి పోతవా?"

"నీ ఇష్టం అన్నడు బాపు." ఆకాశ్ వైపు తిరిగి, "ఏది, ఆ కప్పను చూపియ్," అన్నాడు.

ఆకాశ్ పటం తెచ్చి బెంచీ మీద పరిచాడు. శ్రావణ్ టోపీ వెనక్కి జరిపి, బొమ్మను అటూ ఇటూ చూశాడు.

"ముందుగాల గీ ముక్కు చెరపాలె. గిది ఇయ్యాలతోని అయ్యే పని కాదు. రేపు కూడ కూసోవాలె."

స్పందన పెన్సిల్ చెక్కి అతని చేతికిచ్చింది.