వేరే ఇంటి ట్యూబు

ఎస్సై నవనీతకు అత్త వజ్రమ్మ మీద ఒక శాశ్వత ఫిర్యాదు ఉంది. ఏ స్టేషన్‌లోనూ తీసుకోని ఫిర్యాదు. వజ్రమ్మ కన్నది ముగ్గురిని. ఎవరడిగినా ఒక్కడే అంటుంది.

ఆ పొద్దున ఆశా వర్కర్ గడపలో నిలబడి అడిగింది. "పిల్లలెంతమంది అవ్వా?"

"ఒక్కడే."

"మరి వదినెలు?" వంటింట్లోంచి నవనీత.

"ఆళ్లు వేరే ఇండ్లోళ్లు గదనే! కన్నంత మాత్రాన మనోళ్లయితరా?"

నవనీత నోరు తెరిచేలోపు ఫోన్ మోగింది. కోరుట్లలో దొంగతనం. పోయింది బంగారం కాదు. నెత్తురు.

పరిశోధనకు రక్తం తీసే క్యాంపు గదిలో డాక్టర్ ప్రవళిక తెరిచిన డబ్బా ముందు నిలబడి ఉంది. వీర్నపల్లిలో తాళ్లెక్కి కల్లు గీసే ఇంటి బిడ్డ. క్యాన్సర్ జన్యువుల మీద, రోగంతో కొట్లాడే రక్తకణాల మీద పన్నెండేళ్లుగా పరిశోధన చేస్తోంది.

"రాత్రి నాలుగు ట్యూబులున్నయి. ఇప్పుడొక్కటే."

"ఎవరివి?"

"ముత్యంపేట లచ్చయ్య తాతది, ఇద్దరు కొడుకులవి, బిడ్డ జ్యోతిది. జ్యోతిది మిగిలింది. ఆమెకే క్యాన్సర్."

"మళ్ల తీయరాదా?"

"కొడుకులవి తీయచ్చు. తాత తెల్లారుజామున పోయిండు మేడం."

ఆమె డబ్బా మూతను బల్ల మీద విసిరింది.

"జ్యోతికున్న జన్యువు ఆయన నుంచే వచ్చింది. పోయినేడు పరీక్షల తేలింది. ఆయన తమ్ముడు, చెల్లె దాంతోనే పోయిండ్రు. ఆయనకేమో ఎనభై దాటినా ఏ క్యాన్సరూ రాలే. ఆ నెత్తురుల ఏ కణాలు కాపలా కాసినయో చూద్దామనుకున్న. అవి బతికుండంగనే ల్యాబ్‌కు చేరాలె. ఇయ్యాల చేరకుంటే ఇగ ఎన్నడూ లేదు."

రాత్రి ఆ గదిలోకి వెళ్లినవాళ్లు ముగ్గురు. ప్రవళికతో కలిసి పరిశోధన చేస్తున్న ప్రొఫెసర్ చంద్రమౌళి. క్యాంపు డ్రైవర్ రంజిత్. లచ్చయ్య పెద్దకొడుకు సురేందర్. తండ్రి మరిచిపోయిన చేతికర్ర కోసం వచ్చాడట.

"తలుపు నేనే తీసిన మేడం," అన్నాడు రంజిత్. "ఫోనొస్తే బయటికి వోయిన. ఒచ్చేసరికి కర్ర వట్టుకొని పోతుండు."

"నిన్న డాక్టరమ్మతోని గొడవైందట, ఏంది సార్?" నవనీత చంద్రమౌళి వైపు తిరిగింది.

"పరిశోధన పేపర్‌లో మొదటి పేరు నాదే ఉండాలన్నాను. అది దొంగతనమా?"

"కాదు. కక్కుర్తి."

ప్రొఫెసర్ మొహం ఎర్రబడింది. ప్రవళిక ఆయన్నే చూస్తోంది, కొట్టేలా.

నవనీత మాత్రం మిగిలిన ట్యూబును చూస్తోంది. అంతా పోయినవాటి గురించే మాట్లాడుతున్నారు. దీన్ని ఎందుకు వదిలారు?

పరిశోధన చెడగొట్టాలనుకున్నవాడు రోగం ఉన్న మనిషి నెత్తురే ముందు తీస్తాడు. డ్రైవరైతే డబ్బాకు డబ్బా ఎత్తుకుపోతాడు.

పొద్దున అత్త అన్న మాట చెవిలో మోగింది.

"జీపెక్కుండ్రి. అందరూ."

ముత్యంపేటలో లచ్చయ్య ఇంటి ముందు, షామియానా కింద శవం చుట్టూ చుట్టాలు కూర్చున్నారు. లోపలి గదిలో సురేందర్. సిరిసిల్ల నుంచి వచ్చిన జ్యోతి, తలకు స్కార్ఫు కట్టుకొని గోడకానుకుంది.

"సురేందరన్నా, మూడు ట్యూబులు తీసినవ్. నాలుగోది ఎందుకు ఇడిసినవ్?"

"నేనెందుకు దీస్త మేడం?"

"నీ ఇంటియి మూడే గనుక. పెండ్లయిన బిడ్డ వేరే ఇంటిది గనుక. గిట్ల లెక్కవెట్టేటోడు ఆ గదిలకు ఒక్కడే వచ్చిండు. ఇల్లు వెతకాల్నా, నువ్వే తీస్తవా?"

సురేందర్ కళ్లు తన ప్రమేయం లేకుండానే ఫ్రిజ్ వైపు వెళ్లాయి.

ప్రవళిక ఒక్క అంగలో వెళ్లి తలుపు లాగింది. ఐసు అరలో, పాలిథిన్ కవర్‌లో, మూడు ట్యూబులు. గడ్డకట్టి.

"ఐసుల వెట్టినవా?"

"పారబోద్దామనుకున్న. నాయిన నెత్తురాయె, చెయ్యి రాలే. పాడుగావద్దని వెట్టిన."

"బతికున్న కణాలు ఐసుల చస్తయి! సల్లగ పెట్టొద్దనే బయట పెట్టిన. జన్యువు దొరుకుతది. ఆయన్ను కాపాడిందేందో ఇగ దొరకది. నీ చెల్లెకు పనికొచ్చేదేమో అది!"

"మా ఇంట్ల ఆ రోగమున్నదని బయటవడితే మా పోరగాండ్లకు పిల్లనెవలిస్తరు డాక్టరమ్మా?"

"మరి నాది దాచలేదేందన్న?" జ్యోతి మొదటిసారి నోరు విప్పింది.

"నువ్వు సిరిసిల్లోళ్ల ఇంటిదానివి."

జ్యోతి స్కార్ఫు విప్పింది. నున్నటి తల.

"గిది ఎవలింటి రోగం మరి? సిరిసిల్లోళ్లదా?"

జ్యోతి స్కార్ఫును అన్న ముందు పడేసింది.

"నాయిన నుంచి నాకొచ్చింది. నీకు రాలేదని ఎవలన్నరు? నీ పోరగాండ్లకు?"

సురేందర్ ప్రవళిక వైపు చూశాడు. కాదంటుందేమోనని. ఆమె కాదనలేదు.

"తప్పయింది చెల్లె..." గొణిగాడు.

"నా చెవుల గాదు. బయట అందరున్నరు. ఆడ జెప్పు."

సురేందర్ లేచాడు. షామియానా కిందికి వెళ్లి, తండ్రి కాళ్ల దగ్గర నిలబడ్డాడు. చుట్టాలంతా అతని వైపు తిరిగారు.

"నాయిన నెత్తురు దొంగిలించింది నేనే," అన్నాడు గట్టిగా. "జ్యోతి మన ఇంటి బిడ్డ. కాదనుకున్న. తప్పు నాది."