రెండో సగం

కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో ఆ శనివారం పొద్దున కారు అద్దాల మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంది. వివేక్ చెంబుతో గోరువెచ్చటి నీళ్లు తెచ్చి అద్దం మీద పోస్తున్నాడు. వంటింటి కిటికీలోంచి అతన్ని చూస్తూ లిఖిత ఉల్లిపాయలు తరుగుతోంది. వాళ్లమ్మ లూర్దమ్మ పోయి ఆవేళకి నలభయ్యో రోజు. సాయంత్రం చర్చి గుడిలో ఆవిడ పేరు మీద పూజ చెప్పిస్తున్నారు. అందుకోసం లిఖిత అన్నయ్య శౌరి పెర్త్ నుంచి వస్తున్నాడు.

"నేను ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లొస్తా. ఏమన్నా తేవాలా?" తలుపు దగ్గర నిలబడి అడిగాడు వివేక్.

"ఏం వద్దు," అంది లిఖిత తలెత్తకుండా.

ఈ మధ్య ఇద్దరి మధ్యా ఇలాంటి మాటలే. కొట్లాడుకున్నది లేదు. కానీ అమ్మ పోయిన రోజు ఆసుపత్రిలో ఆవిడ పక్కన ఉన్నది వివేక్ ఒక్కడే. ఆ రోజు ఏం జరిగిందని లిఖిత అడగలేదు, అతను చెప్పలేదు. అడగని ఆ మాట ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతోంది.

ముక్కలు పక్కన పెట్టి, ఆమె అమ్మ గదిలోకి వెళ్లింది. గది నిండా బొమ్మలే. లూర్దమ్మ ఫిరంగిపురం దగ్గర కాన్వెంటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసింది. భర్త చిన్న వయసులోనే పోతే, ఆ ఉద్యోగంతోనే పిల్లలిద్దర్నీ చదివించింది. ఊళ్లో మరియమాత పండగకి తేరు అలంకరణంతా ఆవిడ చేతి మీదుగానే జరిగేది. లిఖిత హిందువుని చేసుకుంటానన్నప్పుడు శౌరి అలిగి పెళ్లికి రాలేదు. లూర్దమ్మ మాత్రం వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో ఓ మూల కూర్చుని, అందరికీ వినపడేలా ముక్కు చీదుకుంటూ ఏడ్చి, చివరికి లేచి వివేక్ నుదుటి మీద తన బొటనవేలితో సిలువ గుర్తు వేసింది.

మనవరాలు చైత్ర పుట్టినప్పుడు కాన్‌బెర్రాకి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. క్రిస్మస్‌కి గుడిలో బాలయేసు పుట్టిన పశువుల పాక కట్టే పని రెండో ఏడే ఆవిడ చేతికొచ్చింది. పైకప్పుకి యూకలిప్టస్ కొమ్మలు. మరియమ్మకి గుంటూరు నేత చీర, ముక్కుపుడక. "అమ్మమ్మా, బాబు పక్కన కంగారూ ఎందుకు లేదు?" అని చిన్నారి చైత్ర అడిగిందని, మర్నాడే మట్టి పిసికి కంగారూని చేసి ఆవు పక్కన నిలబెట్టింది. చర్చికొచ్చే తెల్లవాళ్ల ముసలమ్మలు ఆ పాక చూడ్డానికే ముందుగా వచ్చేవాళ్లు. శనివారాలు గ్యారేజీలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని బొమ్మలు నేర్పేది. ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆ పిల్లలకి తెలుగు రాదు. అయినా గ్యారేజీలోంచి నవ్వులు వినపడుతూనే ఉండేవి.

మంచం మీద చైత్ర కూర్చుని ఉంది. ఒళ్లో అమ్మమ్మ శాలువా.

"మామయ్య వచ్చే టైమయింది, లేచి స్నానం చెయ్యమ్మా."

"ఫైవ్ మినిట్స్, మమ్మీ. ఇంకా స్మెల్ ఉంది ఇందులో," అంది చైత్ర. లిఖిత తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేసింది.

*

శౌరి వచ్చీ రాగానే అమ్మ గదిలోకి వెళ్లాడు. చాలాసేపటికి ఎర్రబడ్డ కళ్లతో హాల్లోకొచ్చేసరికి, దాన్నానుకున్న వంటింట్లో లిఖిత ఎసట్లో బియ్యం పోసి కలుపుతోంది. అతను సూట్‌కేసులోంచి ఒక పొట్లం తీశాడు. పట్టు అంచు ఉన్న తెల్లటి శాలువా.

"ఫాదరుగారికి చెల్లీ. సాయంత్రం పూజయ్యాక కప్పుదామని. అమ్మకి అవస్థాభ్యంగం ఇచ్చిన చెయ్యి. ఖననం రోజు ఆ గందరగోళంలో ఆయనకి సరిగ్గా దణ్ణమైనా పెట్టలేదు. దూరాన ఉన్న కొడుకుని, నాకు ధైర్యమంతా అదొక్కటే. అమ్మ నూనె అందుకుని, ప్రార్థన వింటూ పోయింది."

లిఖిత చేతిలో గరిటె ఆగిపోయింది. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి ఫాదరుగారు నూనె రాసి చేసే ఆ ప్రార్థన అంటే అమ్మకి ఎంత పట్టింపో ఇద్దరికీ తెలుసు. ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ఫాదరుగారి కోసం పరిగెత్తేది అమ్మే. సాయంత్రం అన్నయ్య ఆయన ఎదుట నిలబడి ఆ మాటే అంటాడు. ఆయన తెల్లమొహం వేస్తాడు.

"అన్నయ్యా," అంది నెమ్మదిగా. "ఫాదరుగారు వచ్చారని చెప్పాను. అబద్ధం కాదు. కానీ ఆయన వచ్చేసరికే అమ్మ పోయింది."

శౌరికి ఒక క్షణం అర్థం కాలేదు. "పోయాక వచ్చాడా?"

"మధ్యాహ్నం వరకూ బాగానే ఉంది. డాక్టరు కూడా వారంలో ఇంటికి పంపిస్తామన్నాడు. నేను చైత్రని స్కూల్ నుంచి తేవడానికి వెళ్లాను. అంతలోనే ఆయాసం ఎక్కువైంది. వివేక్ ఫోన్ చేశాడు. ఫాదరుగారు వేరే ఊళ్లో ఉన్నారు. పరుగున వచ్చారు, కానీ..."

"మరి నాతో ఎందుకలా చెప్పావు?"

"నువ్వు తట్టుకోలేవని."

శౌరి చేతిలోని శాలువా సోఫా మీద పడేసి, భోజనాల బల్ల దగ్గరున్న వివేక్ వైపు చూశాడు. "ఊరంతటికీ చావు మంచం దగ్గర జపం చెప్పిన మనిషి! ఆఖరికి ఆవిడ చెవిలో ఒక్క జపమన్నా పడలేదు. పక్కన ఎవరున్నారు? ఈయన! అందుకే ఆ రోజుల్లో వద్దన్నాను. ఇలాంటి రోజు వస్తుందనే వద్దన్నాను!"

"అన్నయ్యా, ఆయన్నేం అనకు. ఆయనకి జపాలేం తెలుసు? తెలిస్తే చెప్పేవాడు కదా!"

ఆ మాట భర్తని వెనకేసుకొస్తూనే అంది లిఖిత. కానీ అనగానే వివేక్ ముఖం చూసి గతుక్కుమంది. అన్నయ్య అన్న మాటలన్నిటికీ కదలని మనిషి, దానికి కదిలిపోయాడు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"తెలుసు," అన్నాడు.

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"లిఖితకి ఆదివారాలు డ్యూటీ ఉన్నప్పుడు అత్తయ్యగారిని గుడికి నేనే తీసుకెళ్లేవాణ్ని. దారంతా జపమాల తిప్పుతూ మరియమ్మ జపం చెప్పుకునేవారు. మొదట్లో నేను రేడియో తగ్గించి ఊరుకునేవాణ్ని. ఒకరోజు ఆవిడే అన్నారు, 'వివేక్ బాబూ, మంగళవార్త జపం ఒక్కళ్లు చెప్పేది కాదయ్యా. మొదటి సగం ఒకరు చెబితే రెండో సగం ఇంకొకరు అందుకోవాలి. నువ్వే అందుకో, నీ సొమ్మేం పోయింది' అని. నవ్వుకుంటూ అందుకున్నాను. తప్పు పలికితే తొడ మీద చిన్నగా కొట్టేవారు. అలా ఏళ్ల తరబడి చెప్పాం, బావగారూ."

వివేక్ గోడ మీదున్న లూర్దమ్మ ఫోటో వైపు తిరిగాడు.

"ఆ రోజు ఫాదరుగారు రావడానికి ఆలస్యమవుతుందని చెప్పాను. ఆవిడకి అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని, మాట్లాడలేక, కళ్లతో అడిగారు. అంతవరకూ మొదటి సగం నేనెప్పుడూ చెప్పలేదు. కానీ విని విని వచ్చేసింది. నేను మొదటి సగం చెప్పాను. ఆవిడ పెదాలు కదిపి రెండో సగం అందుకున్నారు. అలా చెబుతూనే ఉన్నాం. ఒకసారి ఆవిడ అందుకోలేదు. అప్పుడు రెండూ నేనే చెప్పాను. నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా చెబుతూనే ఉన్నాను."

లిఖిత పొయ్యి దగ్గర నుంచి హాల్లోకి వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నేను మీలా జ్ఞానస్నానం పొంది మతంలో చేరినవాణ్ని కాదు కదా. నా నోటితో చెప్పింది చెల్లుతుందో లేదో తెలియదు. చెల్లదని ఎవరైనా అంటే నీకు ఇంకా బాధ. అందుకని..."

శౌరి సోఫాలో కూలబడ్డాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "చెల్లకపోవడమేంటి బావా," అన్నాడు చేతుల వెనక నుంచి. ఇన్నేళ్లలో వివేక్‌ని అతను బావా అని పిలవడం అదే మొదలు. "కొడుకుని నేను లేను. చెప్పినవాడివి నువ్వు." కాసేపటికి తలెత్తి, "ఇంకేమైనా అందా అమ్మ?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"జపం మొదలుపెట్టకముందు, ఇంకా మాట ఉండగానే, లిఖిత ఏదని అడిగారు. చైత్రని తేవడానికి వెళ్లిందన్నాను. 'చలిగా ఉంది, పిల్ల స్వెటర్ వేసుకెళ్లిందా?' అన్నారు. వేసుకుందన్నాను."

"వేసుకోలేదు," అంది గుమ్మం దగ్గర నుంచి చైత్ర. ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. ఎప్పుడూ సగం ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, తెలుగులోనే అంది, "స్వెటర్ ఇంట్లోనే మర్చిపోయాను నాన్నా. అమ్మమ్మకి అబద్ధం చెప్పావు నువ్వు."

వివేక్ చేతులు చాచాడు. ఆ పిల్ల వెళ్లి అతని గుండెల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. లిఖిత ఇంక ఆగలేకపోయింది. వెళ్లి ఇద్దర్నీ చుట్టేసి, అతని భుజం మీద తల ఆన్చింది. "నిన్ను అడగాల్సింది," అంది. "ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావు." అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు.

వంటింట్లో అన్నం అడుగంటిన వాసన వస్తోంది. లిఖిత వెళ్లి పొయ్యి ఆపి వచ్చేసరికి, శౌరి అమ్మ ఫోటో ముందు నేల మీద మోకాళ్లూని ఉన్నాడు. పక్కన చోటు చూపించాడు.

"రా బావా. సాయంత్రం పూజలో ఎలాగూ చెప్తాం. ముందు ఇంట్లో చెబుదాం. నేను మొదలుపెడతా, నువ్వందుకో."

వివేక్ సంకోచంగానే వచ్చి మోకరించాడు. అతని పక్కన చైత్ర, ఆ పక్కన లిఖిత. శౌరి జపం మొదటి సగం చెప్పి ఆగాడు. వివేక్ అందుకున్నాడు.

లిఖిత కళ్లు మూసుకుని వింది. అతను పుట్టి పెరిగింది వరంగల్. మామూలు మాటల్లో గుంటూరు యాస ఎక్కడా వినపడదు. కానీ జపం మాత్రం అచ్చం గుంటూరు పల్లె యాసలో వస్తోంది. ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగుతోంది. అమ్మ ఎక్కడ ఊపిరి తీసుకునేదో సరిగ్గా అక్కడే అతనూ తీసుకుంటున్నాడు. కన్నీళ్లు చెంపల మీదుగా జారుతుంటే తుడుచుకోకుండా, లిఖిత ఆ గొంతుతో తన గొంతు కలిపింది.