సాయంత్రానికే ఇంటికి

నేను అక్షరాలు నేర్చింది ముసలితనంలో. రాసేది నిదానం, ఒత్తులు తప్పుతాయి. చదివే అక్కచెల్లెళ్ళు మన్నించండి.

దిబ్బూరహళ్ళిలో చెన్నమ్మ ఆ రోజు పట్టుపురుగుల ఇల్లు వదిలి కదలలేకపోయింది. పురుగులు పండి గూడు కట్టే వేళ... ఏరి, చంద్రికలనే వెదురు తట్టల మీద వేయకపోతే పంటంతా పోతుంది. అందుకే ఆమె భర్త గంగాధరప్పను కూతురు వినుత బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆయన గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. గుండెలోని చిన్న సంచిలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం వస్తుందట. రక్తం పలచబడే మాత్రలు ఆయనకు పడలేదు. ఛాతీ కోయకుండా, తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం పంపి ఆ సంచి మూతి మూసేస్తామన్నారు డాక్టర్లు.

మధ్యాహ్నం వినుత ఫోను చేసింది. "అమ్మా, నాయనను సాయంత్రమే ఇంటికి పంపిస్తాండారు. కారులో వస్తాం..." అంతలోనే లైను తెగింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

చెన్నమ్మ చేతిలోని పురుగుల తట్ట కింద పెట్టింది. గుండెకు వైద్యం చేసి ఆ పొద్దే పంపేస్తారా? మామగారినీ అట్లాగే పంపారు. "ఇంక ఇంటికి తీసుకుపోండి" అన్నారు, తెల్లారేసరికి ఆయన లేడు... ఆమె ఏడవలేదు. పురుగులను కూలివాళ్ళకు అప్పగించి, నేరుగా మరిది పిళ్ళప్ప ఇంటికి నడిచింది. ఉమ్మడి బోరు నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి, అన్నదమ్ములు ఏళ్ళ తరబడి ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

"మీ అన్నను ఆసుపత్రి నుంచి పంపేస్తాండారప్పా. నీ చేత్తో గొంతులో ఇన్ని నీళ్ళు పొయ్యి. పాత మాటలు ఇప్పుడు వద్దు."

పిళ్ళప్ప వెంటనే వచ్చాడు. అన్న ఇంటి నడవలో మంచం పక్కకు తీసి, నేల మీద చాప పరిచాడు.

పొద్దు వాలుతుండగా కారు ఆగింది. గంగాధరప్ప కూతురి భుజం పట్టుకుని, తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చాడు!

"ఆకలయితాండాది చెన్నమ్మా. ఏం వండినావు?" అని, నేల మీద చాపను చూశాడు. పక్కనున్న తమ్ముణ్ణి చూశాడు. "ఇది ఎవరికి?"

వినుతకు అర్థమై తల కొట్టుకుంది. "అమ్మా, బాగుండాడు కాబట్టే పంపినారు. పొద్దంతా పడుకోబెట్టి, రక్తం కారలేదని చూసి, నడిపించి పంపినారు. ఇప్పుడు కొందరిని ఆ దినమే పంపుతారు."

పిళ్ళప్ప తువ్వాలు భుజాన వేసుకుని గడప వైపు తిరిగాడు.

"నేను చచ్చింటే దినాలయ్యేవరకూ ఈడే ఉండేవాడివి. బతికొచ్చినానని పోతాండావా పిళ్ళా?"

పిళ్ళప్ప ఆగాడు. "గుండెకు చేసినారు గానీ, నీ నోటికి ఏమీ చెయ్యలేదే..."

"దానికి మందు లేదంట. కూచో. వారం దినాలు నేను బరువు ఎత్తకూడదు. రేపటినుంచి బోరు మోటారు నువ్వే వెయ్యి. ముందు నీ మడికే కట్టుకో నీళ్ళు."

పిళ్ళప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తరువాత ఆ చాప మీదే అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

చెన్నమ్మ ఇద్దరికీ రాగిముద్ద పెట్టి, చారు పోసి, వంటింట్లోకి వచ్చింది. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు.

మునివెంకటమ్మ, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు ఉండేది చింతామణిలో.