కుళ్ళని మట్టి

"పన్నెండుకి కమిటీలో మంత్రి సంతకం. పీట్ ఉందని తేలితే తోటలకి లైసెన్స్ రాదు. తేలకపోతే అడవి పోయినట్టే" అన్నాడు చీఫ్, బిస్కట్ నములుతూ.

ఏజెంట్ నత్తకి ఒళ్ళు మండింది. డిపార్ట్‌మెంట్ పెట్టే పేర్లూ అంతే, ఇచ్చే వేషాలూ అంతే. ఈసారి లేబొరేటరీలో సీసాలు కడగాలి.

చిత్తడి అడవి కింద పది మీటర్ల పీట్. అంటే ఆకులూ వేళ్ళూ గాలి తగలక, పుల్లటి నీళ్ళలో నానుతూ వేల ఏళ్ళుగా కుళ్ళకుండా ఉన్న మట్టి. కార్బన్ అంతా అందులోనే. కాలవలు తవ్వి నీళ్ళు తీసేస్తే ఎండి అంటుకుంటుంది. నిరుడు ఓ మూల ఎండబెట్టిన పుణ్యానికి మూడు నెలలు పొగ. నత్త కూతురు ఇప్పటికీ ఇన్‌హేలర్ దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. మిగతాదీ ఎండితే ఆ పిల్ల ఊపిరికి దిక్కెవరు? విదేశీ ముఠాకి మాత్రం అక్కడ తోటలు కావాలి.

పదకొండుంపావు. సింకులో నల్లటి జిగురు, మోచేతుల దాకా కంపు. అప్పుడొచ్చింది మన మనిషి, సాయిల్ కెమిస్ట్. సిల్కు స్కార్ఫు, గది దాటినా వదలని సెంటు.

"కుళాయి కారుతోందా?" కోడ్ అది.

"వాషర్ పోయింది."

పెట్టె చేతికిచ్చింది. "అడవి మట్టి, ఏడు ట్యూబులు. కమిటీకి నువ్వే ఇవ్వాలి. జాగ్రత్త అన్నయ్యా."

స్టోర్ రూంలో మూత తీశాడు. చూపుకి అసలు సరుకే. అయినా జేబులోని పెన్ను గుచ్చాడు. అది పీహెచ్ మీటరు, పులుపు ఎక్కువైతే అంకె తగ్గుతుంది. ఆరు పాయింట్ ఎనిమిది. ఆ అడవి మట్టి నాలుగు దాటదు. వేళ్ళతో నలిపితే సున్నం. నర్సరీ బస్తాలోది, మొక్కలు చావకుండా సున్నం కలిపి అమ్మేది. ఇది కమిటీ ముందు పెడితే ముఠా లాయరు నిమిషంలో దొంగమట్టని తేలుస్తాడు. ఆ తర్వాత అసలు మట్టి తెచ్చినా ఎవరూ నమ్మరు.

ఛీ, అన్నయ్యా అని పిలిచి మరీ. తడిగుడ్డతో గొంతులు కోసే రకం.

మరి అసలువి? ఫర్నేస్ గదిలోంచి ఆకులు కాలుతున్న వాసన వస్తోంది. పరిగెత్తాడు. డయల్ మూడొందలు దాటింది. స్విచ్ కట్టేసి తలుపు లాగాడు.

వెనక సెంటు వాసన, వీపుకి పిస్టల్. "మట్టే కదా, కాలిపోనీ."

"దాని పొగే నా కూతురు పీల్చింది" అంటూ, పక్కనున్న మురికినీళ్ళ బక్కెట్ ఎత్తి, గిర్రున తిరిగి ఆమె ముఖాన కొట్టాడు. పిస్టల్ జారింది. పట్టకారుతో ట్యూబులు లాగి, ఆమెని ఆ గదిలోనే వదిలి బయట గడియ పెట్టాడు. నాలుగు బూడిద. మూడు మిగిలాయి.

మంత్రి పెన్ను కాగితం మీదకి దిగుతుండగా బల్ల మీద పడ్డాయవి. తవ్వి తెచ్చిన సర్వేయరు తన సీలు గుర్తుపట్టాడు. మీటరు మూడు పాయింట్ ఆరు చూపించింది. పెన్ను మూత పడింది.

చైర్మన్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఏదో కుళ్ళిన కంపయ్యా."

"మట్టిది కాదండీ. అది నాలుగు వేల ఏళ్ళుగా కుళ్ళలేదు." నత్త బల్ల చుట్టూ కోట్లు తొడుక్కుని కూర్చున్న వాళ్ళని ఒక్కొక్కరినే చూశాడు. "కిటికీ తియ్యమంటారా?"