గుడ్డు కలిసిన మందు

"ఉచ్చీరప్ప చావకూడదు." ఇయర్‌పీస్‌లో చీఫ్ ప్రభావతి గొంతు కరుకుగా ఉంది. "దూది బేళ్లలో మన మిలిటరీ మ్యాపులు దేశం దాటిస్తున్న విదేశీ ముఠా నాయకుణ్ణి చూసినవాడు అతనొక్కడే. ఆపరేషన్ అవగానే స్కెచ్ గీయించు. మత్తు డాక్టర్ హేమ మన ఏజెంటే."

"ఎస్ మేడమ్," అన్నాడు ఏజెంట్ వీరేష్. ఆదోనిలో ఓ శాకాహారి సావుకారి ట్రస్టు ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసేవాడి వేషం అతనిది.

థియేటర్లో పత్తి జిన్నింగ్ మిల్లు కూలీ ఉచ్చీరప్ప నలిగిన చేత్తో బల్ల మీద పడుకున్నాడు. సర్జన్ ఇంకా రాలేదు. చెయ్యి మొద్దుబారడానికి హేమ చంకలో సూది గుచ్చింది. మాస్కు పైన కాటుక కళ్లు. ఆ అందం చూస్తే వీరేష్‌కు మొదట్నుంచీ ఒళ్లు మంటే.

"నాలుక తిమ్మిరెక్కతాందన్నా... సెవుల్లో గుయ్యిమంటాంది," అన్నాడు ఉచ్చీరప్ప. హేమ మాస్కు జారింది. అతను ఉలిక్కిపడ్డాడు. "ఈమే! మిల్లుకొచ్చిన..."

మాట పూర్తికాకుండానే ఫిట్స్. మానిటర్ మీద గీత చదునైపోయింది.

"గుండెపోటు," అంది హేమ చల్లగా. "పోయాడు."

"అబద్ధం!" ఇయర్‌పీస్‌లో ప్రభావతి అరిచింది. "నాలుక తిమ్మిరి, చెవుల్లో హోరు, ఫిట్స్... మత్తుమందు నెత్తుట్లోకి ఎక్కించింది! ఛాతీ నొక్కు, ఆపకు! ఇరవై శాతం లిపిడ్ ఎక్కించమను. పాలలాంటి కొవ్వుమందు. ఆ విషాన్ని లాగేది అదే!"

వీరేష్ ఛాతీ నొక్కుతూనే కేకేశాడు. "సిస్టర్! లిపిడ్!"

హేమ నవ్వింది. "పొద్దునే బీరువా వెతికాను. చుక్క లేదు."

"ఉండాదప్పా!" నర్సు సరస్వతి అప్పటికే తలుపు దాటింది. "దాంట్లో గుడ్డు కలుస్తాదని సావుకారు ఈడ పెట్టనీడు. మా రూములో టిఫిన్ల కాడ పెట్టినా!"

సరస్వతి సీసాతో వచ్చేసరికి హేమ కత్తి పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది. వీరేష్ చేతులు ఛాతీ మీదే ఉన్నాయి. కాలు ఖాళీగా ఉంది. పక్కనున్న ఖాళీ స్ట్రెచర్‌ను బలంగా తన్నాడు. అది పోయి హేమ మోకాళ్లకు తగిలింది, కత్తి ఎగిరిపడింది. సరస్వతి కేకకు పరుగెత్తుకొచ్చిన సెక్యూరిటీవాళ్లు ఆమెను అదిమిపట్టారు.

తెల్లమందు నరంలోకి దిగింది. ఒక నిమిషం. రెండు. వీరేష్ చేతులు తిమ్మిరెక్కాయి, అయినా నొక్కుతూనే ఉన్నాడు. మూడో నిమిషంలో గీత లేచింది.

గంట తర్వాత ఉచ్చీరప్ప కళ్లు తెరిచి, బేడీలతో నిలబడ్డ హేమవైపు మంచి చెయ్యి చూపాడు. "ఈమేప్పా." స్కెచ్ అక్కర్లేకపోయింది.

సాయంత్రం సావుకారు ఉరుక్కుంటా వచ్చాడు. హత్యాయత్నం విన్నాడు, గూఢచారిణి సంగతి విన్నాడు, ఎర్రబడ్డ కళ్లతో వీరేష్‌ను నిలదీశాడు.

"అదంతా సరేప్పా. గుడ్డు సీసా థియేటర్లోకి ఎవురు తెమ్మన్యారు?"